చవక టికెట్‌కి పది గడులు

మే 26, సోమవారం

ఈ రోజు నా కుర్చీకి గడువు పెట్టారు. జూన్ ముప్పై.

పెట్టింది కెలెమెతె. మార్చిలో వచ్చిన కొత్త అకౌంట్స్ మేనేజరు. ముప్పై ఒక్కేళ్ళు, పుట్టింది పెరిగింది ఆక్లండ్‌లో. ల్యాప్‌టాప్ తిప్పి ఒక వెబ్‌సైట్ చూపించాడు. ఊరి పేరు, తేదీ కొడితే చాలట, అన్నిటికంటే చవకైన ఎకానమీ టికెట్ పైకి వస్తుందట, నొక్కితే అయిపోతుందట. ఆంటీ, దీనికి ఒక మనిషి, ఒక కుర్చీ ఎందుకో నువ్వే చెప్పు అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే నాకు మండింది.

మాది ఈ చిన్న దీవిలో, ఆపియాలో, కోల్డ్ రూములు కట్టే కంపెనీ. చేపలకి, మాంసానికి. మా మెకానిక్కులు ఆక్లండ్, నాడీ, పాగో ఊళ్ళు తిరుగుతూ ఉంటారు. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళ టికెట్లు కొంటున్నది నేను. ఒక్కరు కూడా దారిలో చిక్కుకుపోలేదు. మా యజమాని ఆఫోవా గారు ఇదంతా వింటూ ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన ఫ్యాను వైపు చూశారంటే కుర్రాడి మాట తలకెక్కుతోందని అర్థం.

నేనే పందెం వేశాను. జూన్‌లో మూడు ప్రయాణాలున్నాయి. ప్రతిదానికీ ఇద్దరం లెక్క వేద్దాం. టికెట్ కొన్న రోజు కాదు, మనిషి తిరిగి వచ్చిన రోజు ఎవరిది తక్కువైతే వాళ్ళది గెలుపు. రెండు గెలిస్తే కుర్చీ నాది. ఓడిపోతే జూలై ఒకటిన నా మగ్గు నేనే పట్టుకుని ఇంటికి వెళ్ళిపోతాను.

ఆఫోవా గారు ఫ్యాను మీంచి కళ్ళు దించి సరే అన్నారు.

మే 27, మంగళవారం

నా షీటు కెలెమెతె ముందు పెట్టాను. పది గడులు. టికెట్ ధర, పన్ను, మొదటి పెట్టె, రెండో పెట్టె, సీటు, కార్డు ఫీజు, తేదీ మార్పు, పేరు మార్పు, రద్దు చేస్తే తిరిగి వచ్చేది, విమానం తప్పితే హోటలు. చవక టికెట్ అనేది గుమ్మం దగ్గర చెప్పే ధర. లోపలికి వెళ్ళాక ఒక్కొక్కటీ అడుగుతారు.

అతను ఎనిమిదో గడి దగ్గర ఆగాడు. మెకానిక్కు ఫాలానికోని చూపించి, పేరు మార్పా? ఆంటీ, నిన్న ఫాలానికోగా ఉన్నవాడు రేపు ఇంకొకడైపోతాడా అన్నాడు. అందరూ నవ్వారు. ఆ గడి తీసేయమన్నాడు. నా షీటు, నా ఇష్టం అన్నాను.

పంతొమ్మిదేళ్ళలో ఆ గడి రెండుసార్లే పనికొచ్చిన మాట నిజమే. అతనికి చెప్పలేదు.

జూన్ 3, మంగళవారం

మొదటి ప్రయాణం, ఆక్లండ్. వెళ్ళేది ఫాలానికో, మా పెద్ద మెకానిక్కు. మొదటిది కెలెమెతె లెక్క ప్రకారం కొన్నారు. రానుపోను మా డబ్బులో 780 తాలా, చేతిసంచి మాత్రమే. నాది 985, రెండు పెట్టెలతో. చూశావా ఆంటీ అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. నేను టీ తాగుతూ కూర్చున్నాను.

నాకు తెలిసింది అతనికి తెలియదు. ఆక్లండ్‌లో ఫాలానికో అత్తవారి వైపు అరవై మంది ఉన్నారు.

జూన్ 4, బుధవారం

రెండు పెట్టెలు. టారో దుంపలు, కోకో. ఎయిర్‌పోర్టులో 380 తాలా కట్టారు. 780కి 380 కలిపితే ఎంతో కెలెమెతెనే చెప్పమన్నాను.

జూన్ 6, శుక్రవారం

కెలెమెతె ఊరుకోలేదు. పెట్టెలు అతని సొంతం కదా, డబ్బు కంపెనీ ఎందుకు కట్టాలి అని అడిగాడు. ఆఫోవా గారు ఈసారి ఫ్యాను వైపు చూడలేదు. బాబూ, నా మనిషి ఖాళీ చేతులతో దిగితే పరువు పోయేది వాడిది కాదు, నాది అన్నారు. మా దగ్గర మనిషిని పంపడమంటే పెట్టెతో పంపడమే. ఆ ముక్క ఏ వెబ్‌సైట్‌కీ తెలియదు.

ఈ రోజు ఫాలానికో తిరిగి వచ్చాడు, ఒకటి గెలిచాను. ఇంటికి వెళ్ళే దారిలో ఐస్‌క్రీమ్ కొనుక్కున్నాను. రెండు స్కూపులు.

జూన్ 11, బుధవారం

నాడీ ప్రయాణం ఓడిపోయాను.

ఈసారి నా టికెట్ కొన్నారు. రెండు పెట్టెలు, సీటు, తేదీ మార్పు, అన్నీ ఉన్నది. ఫాలానికో సోమవారం వెళ్ళాడు, పని అనుకున్న టైముకి అయిపోయింది, ఈ రోజు చెప్పిన విమానానికే వచ్చాడు. నాడీలో అతనికి చుట్టాలు లేరు, పెట్టె లేదు. ఏదీ వాడుకోలేదు. కెలెమెతె టికెట్ అయితే 96 తాలా మిగిలేది. అతను పొంగిపోలేదు. దగ్గరి పోటీ ఆంటీ అన్నాడు, అంతే.

తప్పు నాదే. అక్కడ చుట్టాలు లేరని నాకు తెలుసు. అయినా అలవాటుగా అన్నీ ఉన్న టికెట్ కొన్నాను. చెరొకటి అయ్యాయి.

జూన్ 12, గురువారం

మూడోది పాగో. తేల్చేది ఇదే.

అక్కడి చేపల ఫ్యాక్టరీ ఆరు కోల్డ్ రూములకి టెండరు పిలిచింది. సీలు వేసిన కవరు మనిషే తీసుకెళ్ళి పెట్టెలో వేయాలి, మధ్యాహ్నం రెండు లోపల. మెయిల్లో పంపితే తీసుకోరు. మా కంపెనీకి ఇంత పెద్ద పని దొరికి నాలుగేళ్ళయింది. ఫ్యాక్టరీ ఆఫీసులో పేతీ అనే అమ్మాయి ఉత్తరం పంపింది. మా పద్ధతిలో రాసిన ఉత్తరం. మొదటి పేజీ అంతా ఆఫోవా గారి బిరుదులు, వంశానికి దండాలు, దేవుడికి కృతజ్ఞతలు. రెండో పేజీలో అసలు సంగతి: జూన్ 19, గురువారం.

ఆఫోవా గారు ఎవరి టికెట్ కొనాలో ఆలోచించను కూడా లేదు. పాగో సంగతి ఫువాతినోకి వదిలేయండి, అది పుట్టిందే అక్కడ అన్నారు. నిజమే, నేను పుట్టింది పాగో ఆసుపత్రిలో. అక్కడి పాస్‌పోర్టు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

పాగో తేదీ గీతకి అవతల ఉంది. ముప్పై అయిదు నిమిషాల ప్రయాణం, కానీ వాళ్ళు మనకంటే ఒక రోజు వెనక. వాళ్ళ గురువారం 19 అంటే మనకి శుక్రవారం 20. శుక్రవారం ఉదయం విమానానికి కొన్నాను. ఫాలానికో ఇక్కడ శుక్రవారం ఎక్కి అక్కడ గురువారం దిగుతాడు, కవరు వేస్తాడు, సాయంత్రం తిరిగి వస్తాడు. హోటలు ఖర్చు లేదు. తేదీ మార్పు ఉచితం, పేరు మార్పుకి 25. మొత్తం 465 తాలా.

జూన్ 15, ఆదివారం

చర్చి తర్వాత భోజనాల దగ్గర మా అక్క అడిగింది, ఆ కుర్రాడు నీ ఉద్యోగం లాక్కుంటాడటగా అని. లాక్కుంటే నీ ఇంటికే వచ్చి కూర్చుంటాను, రోజూ కొబ్బరిపాలతో పాలుసామి వండి పెట్టు అన్నాను. భయపడి టాపిక్ మార్చింది.

జూన్ 18, బుధవారం

ఈ రోజు కడుపుబ్బ నవ్వాను. రాసి పెట్టుకోవాలి.

కెలెమెతె పాగో షీటు ఇచ్చాడు. 390 తాలా, చేతిసంచి మాత్రమే, మార్పులు కుదరవు. బయలుదేరే తేదీ జూన్ 19, గురువారం! ఉత్తరంలో 19 అని ఉంటే 19నే వేశాడు. గీత సంగతే గుర్తు లేదు. రెండు బిస్కెట్లు టేబుల్ మీద పెట్టి, మధ్యలో స్కేలు పెట్టి చూపించాను. ఇది మనం నాన్నా, ఇది పాగో. నీ గురువారం ఎక్కితే అక్కడ బుధవారం దిగుతావు, పెట్టె దగ్గర ఒక రోజు ముందే వెళ్ళి నిలబడతావు. ఒక రాత్రి హోటలు 310 తాలా అతని లెక్కలో నా చేత్తో కలిపాను. ఏడు వందలు. ఆఫీసంతా చేరి చూసింది. ఫాలానికో అయితే పాగో బిస్కెట్ తినేశాడు.

కెలెమెతె మెడ గోక్కుని, సారీ ఆంటీ, ఆక్లండ్ పిల్లలం, మాకు అన్ని ఊళ్ళలోనూ ఒకటే గురువారం అన్నాడు.

పాపం, మంచివాడే. గెలిచాక అతనికి ఐస్‌క్రీమ్ కొనిపెడతాను.

జూన్ 19, గురువారం. ఉదయం 8.50

రాయాలని లేదు. అయినా రాస్తాను.

రేపు ఫాలానికోకి గేటు పాసు కావాలని పాగోకి ఫోన్ చేశాను. ఎత్తింది పేతీ. రేపా అక్కా? పెట్టె ఈ రోజు రెండింటికి మూసేస్తారు కదా అంది. లేదమ్మా, 19 అని నువ్వే రాశావు, మీకు ఇవాళ 18 అన్నాను. అదే అక్కా, మీకు తికమక ఉండకూడదని మీ తేదీయే వేశాను, ఆ మాట కిందే రాశాను, చూడలేదా అంది.

ఉత్తరం తీశాను. ఉంది. చివర్లో, వీడ్కోలు దండాల మధ్యలో ఒక వాక్యం. మీ సౌకర్యం కోసం తేదీ ఆపియా ప్రకారం. ఉత్తరం తిరగేసినప్పుడు దండాలన్నీ దాటేశాను. పంతొమ్మిదేళ్ళుగా దాటేస్తూనే ఉన్నాను. ఆ పిల్ల మర్యాదకి తేదీ ఒకసారి మార్చింది, నేను తెలివికి ఇంకోసారి మార్చాను.

కెలెమెతె వేసిన తేదీయే సరైనది. సరైన గురువారం అతని చేతిలోనే ఉంది. బిస్కెట్లు పెట్టి లాక్కున్నది నేను.

9.30

లేచి అందరికీ చెప్పాను. తప్పు నాది అని గట్టిగానే చెప్పాను. గొంతు తగ్గిస్తే మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

తర్వాత ఎయిర్‌లైన్‌కి ఫోన్. 11.40 విమానంలో ఒక్క సీటు ఉంది. తేదీ మార్పు ఉచితం, ఆ గడి నన్ను కాచింది. కానీ పంతొమ్మిది సీట్ల చిన్న విమానం, మనిషిని తూచి ఎక్కిస్తారు. మిగిలింది ఎనభై అయిదు కిలోలే. ఫాలానికో నూట ముప్పై ఒకటి. తన పొట్ట వైపు చూసుకుని, చెల్లీ, గంటలో నలభై ఆరు కిలోలు ఎట్లా తగ్గేది, బిస్కెట్ కూడా తినేశానే అన్నాడు. ఆఫోవా గారు అతనికంటే బరువు. కెలెమెతె ఆక్లండ్ పాస్‌పోర్టుకి పాగో అనుమతి రావాలంటే మూడు రోజులు. మిగతా అబ్బాయిలకీ అనుమతి కాగితాలు లేవు.

నేను సొరుగు తెరిచి నా పాస్‌పోర్టు తీశాను.

పేరు మార్పు, 25 తాలా.

11.05, ఎయిర్‌పోర్టు

కెలెమెతె కారు నడిపాడు. ముప్పావు గంట దారిలో ఒక్క దెప్పు మాట లేదు. బిస్కెట్ల సంగతి ఎత్తితే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. కౌంటర్ దగ్గర మాత్రం, ఆంటీ, ఆ ఎనిమిదో గడి తీసేయమన్నప్పుడు నువ్వు వినలేదు కదా అన్నాడు. వినలేదు అన్నాను. మంచి పని చేశావు అన్నాడు.

తూకం ఎక్కాను. కవరు, పాస్‌పోర్టు, ఈ డైరీ. ఎనభై ఆరు. చెప్పులు విప్పాను, హ్యాండ్‌బ్యాగు అతని చేతికిచ్చాను. ఎనభై నాలుగున్నర. కౌంటర్లో అమ్మాయి కళ్ళు మూసుకుని స్టాంపు వేసింది, చెప్పులు తొడుక్కోమంది.

జీవితంలో మొదటిసారి పాగోకి పెట్టె లేకుండా వెళ్తున్నాను. అక్కడ చెల్లెలుంది. ఏమంటుందో తలచుకుంటేనే సిగ్గుగా ఉంది.

జూన్ 18, బుధవారం. పాగో పాగో

ఈ తేదీ నాకు రెండోసారి. మొదటిసారి నవ్వి పాడుచేశాను.

కవరు ఒంటిగంట ఇరవైకి పెట్టెలో పడింది. రెండున్నరకి తెరిచారు. మూడు కవర్లలో మాదే తక్కువ ధర.

చెల్లెలు పెట్టె ఏదీ అని అడిగింది. నేనే పెట్టెను, ఎనభై నాలుగున్నర కిలోలు అన్నాను.

కెలెమెతెకి మెసేజ్ పెట్టాను: నీ తేదీ సరైనది, ఈ పందెం నేను ఓడినట్టు రాసుకో. జవాబు వచ్చింది: నీ టికెట్ 490, నాది 390, కానీ తేదీ నాకు గుడ్డిగా తగిలింది, తప్పి ఉంటే నాది రెండుసార్లు కొనాల్సి వచ్చేది. కుర్చీ నీదే, జూలై నుంచి షీటు నువ్వే వెయ్యి ఆంటీ, తేదీలు మాత్రం నేను చూస్తాను.

పదకొండో గడి గీశాను. దాని పైన అతని పేరు రాశాను.