నేను చూడని ట్యాంకు

జూన్ 2, సోమవారం

ఈ రోజు నలభై ఒక్క ఇళ్ళు. నలభై ట్యాంకుల్లో దోమ పిల్లల కోసం గరిటె ముంచాను. పట్నాల్లో పెరిగే ఈ మలేరియా దోమకు మురుగు పనికిరాదు. మంచినీళ్ళే కావాలి. అచ్చం మా బావలాగే, అన్నీ శుభ్రంగా ఉండాలి.

ఆఖరి బిల్డింగు అక్కావాళ్ళది. ట్యాంకు మేడ మీద. దాని తాళం బావ పట్టుకెళ్ళాడట. అక్కకు ఆరో నెల. కాళ్ళు వాచాయని చూపించింది. కబుర్లలో పడిపోయాను. వచ్చేస్తూ తలుపు వెనక కార్డు మీద 'లార్వా లేదు' అని రాసి సంతకం పెట్టేశాను. మనవాళ్ళ ఇల్లే కదా.

జూన్ 19

మందు వేసే టీము వస్తే, మా చెల్లెలు చూసేసిందని అక్క కార్డు చూపించి పంపేసిందట. ఫోన్లో గొప్పగా చెప్పింది. నవ్వి ఊరుకున్నాను.

జూలై 8

అక్కావాళ్ళ వీధిలో మూడు మలేరియా కేసులు. దోమ పుట్టే చోటు దొరకడం లేదని సూపర్‌వైజరు మ్యాపు ముందు తల పట్టుకున్నాడు. మధ్యలో ఉన్న బిల్డింగు క్లీన్ అని నా సంతకమే చెబుతోంది. నా లిస్టు తీసుకుని వేరే వీధికి వెళ్ళిపోయాను.

జూలై 11, ఉదయం 7

అక్కకు చలిజ్వరం.

అదే రోజు, 10

తాళం తీయించి మేడెక్కాను. ట్యాంకు మూత బాగానే ఉంది. పైపు దూరే కన్నం తెరిచి ఉంది, బొటనవేలు పట్టేంత. గరిటె ముంచాను. మామూలు దోమ పిల్లలు నీళ్ళలో తలకిందులుగా వేలాడతాయి. ఇవి నీటి మీద అడ్డంగా పడుకుని ఉన్నాయి. మలేరియావే. పద్దెనిమిది లెక్కపెట్టి ఆపేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, ఎక్కకుండానే సంతకం పెట్టానని చెప్పేశాను. ఆయన తిట్టలేదు. మందు తెస్తున్నానని, అక్కడే ఉండమని అన్నాడు. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దామన్నాడు.

జూలై 12, ఆస్పత్రి

అక్కది మలేరియానే, చేర్చుకున్నారు. బావకు నా సంతకం సంగతి తెలిసింది. నాతో మాట్లాడడం లేదు. అక్కకు ఎవరూ చెప్పలేదు. మా ట్యాంకు నువ్వు చూశావుగా, ఇంకెక్కడో కుట్టి ఉంటుందిలే అని నన్నే ఓదారుస్తోంది.

జూలై 13, మధ్యాహ్నం 3

అక్కకు చెప్పేశాను. చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత నా కుడిచెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది.

"పొద్దుట్నుంచీ కదల్లేదే. ఇదైనా సరిగ్గా చూడు."

నర్సు డాక్టరు కోసం పరిగెత్తింది. ఎడమచేత్తో రాస్తున్నాను.