మాడిన కాఫీ గింజలు

కాకినాడ, 1989 ఆగస్టు, ఆదివారం రాత్రి

కాఫీ రుచంతా గింజలు వేయించడంలోనే ఉందంటూ మా ఆయన ఆ పని నన్ను ముట్టుకోనివ్వరు. కమ్మటి వాసన రాగానే బాణలి దించేస్తారు. ఇవాళ పెరట్లో బట్టలు ఆరేస్తున్న నాదాకా మాడు వాసన వచ్చింది. పరుగెత్తుకొచ్చి చూస్తే, పేపరు చదువుతూ తాపీగా కలుపుతున్నారు.

"మాడిపోతున్నాయండీ!"

"కంగారెందుకే, ఇంకా వాసన రానీ."

నెలరోజులుగా కాఫీ బాగాలేదని కసురుతుంటే, డికాక్షన్ ఇంకా చిక్కగా తీశాను, బుద్ధిలేనిదాన్ని. ఫ్యాక్టరీలో గ్యాసు లీకైతే అందరికంటే ముందు తన ముక్కే పసిగడుతుందని గొప్పగా చెప్పే మనిషి.

ముక్కు ఒకసారి డాక్టరు గారికి చూపిద్దామన్నాను.

"ఆఫీసులో తెలిస్తే ప్లాంటు నుంచి తీసేస్తారు. ఎవరితోనూ అనకు."

అంటే, ఆయనకు ముందే తెలుసు.

రేపు పొద్దున్నే ఆరింటికి ప్లాంటులో ఆయన డ్యూటీ.