యేసమ్మ గారింటి వంతు

కొల్లేటి లంక,
ఫిబ్రవరి 2007.

ఏవండీ,

ప్రభువు నామంలో వందనాలు. నేనూ, నాకు గది ఇచ్చిన యేసమ్మ గారూ క్షేమంగానే ఉన్నాం. క్షేమంగా లేనిది నా పరిశోధన ఒక్కటే.

వేళకు తింటున్నావా అని అడిగారు. తింటున్నాను, పూటపూటా చేపలే. థీసిస్ ఎప్పటికవుతుందని కూడా అడిగారు. ఆ మాట మా గైడు చలపతిరావు గారిని అడగండి! ఆయన ఫ్యాను కింద కూర్చుని ‘నేరానికి పురికొల్పిన పరిస్థితులు’ అంటూ ప్రశ్నలు రాసి పంపారు. నేను ఎండలో పడవెక్కి, కేసులున్న ప్రతి మనిషినీ అడిగాను. నేరం ఎందుకు చేశారంటే అందరిదీ ఒకటే జవాబు: “వంతు వచ్చిందండి.”

సంగతేమిటంటే, అభయారణ్యం హద్దులో ఉందని నిరుడు ప్రభుత్వం తెగ్గొట్టిన చేపల చెరువు గట్టును ఊరంతా కలిసి మళ్ళీ వేసుకుంటోంది. పోలీసులు వచ్చి పేర్లు అడుగుతారు. ఊరు ఇళ్ళ వరస ప్రకారం ముగ్గురిని ముద్దాయిలుగా పంపుతుంది. వంతు తప్పిన ఇంటికి చెరువులో వాటా ఉండదు. ఇదంతా రాసి పంపితే గైడు గారు “జవాబులు నమ్మదగినవి కావు, మళ్ళీ అడుగు” అని తిప్పి కొట్టారు. తల బాదుకోవాలనిపించింది.

ఇక అసలు సంగతి. ఫోనులో చెబితే కేకలేస్తారని దాచాను. బుధవారం ఊరిపెద్ద విశ్వాసం గారు అరుగు మీదకొచ్చి, “ఏమనుకోకండి యేసమ్మ గారూ, ఈసారి వంతు మీ ఇంటిదండి” అన్నారు. డెబ్బై ఏళ్ళ ఒంటరి మనిషి. లోపలికెళ్ళి, ఉతికిన చీర కట్టుకుని, మందులు సంచిలో వేసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆవిడ నడవలేరండీ! ఈ ఇంట్లో నేనూ తింటున్నాను కదా, నా పేరు రాయించండి” అన్నాను. వద్దంటారనుకున్నాను. ఆయన తల గోక్కుని, “అంతేలెండి, మీరూ మా ఊరివారే కదండీ” అని చక్కా వెళ్ళిపోయారు.

ఇప్పుడు మూడో ముద్దాయిని నేనే. సోమవారం ఏలూరు కోర్టులో హాజరవ్వాలి. మీరు గూడెంలో పాసింజరు రైలెక్కి జామీనుకు రండి. కేసుంటే జూన్‌లో రావలసిన లెక్చరరు ఉద్యోగం రాదు. తలుచుకుంటే ఏడుపొస్తోంది. నిజం చెప్పేస్తే నా పేరు తీసి యేసమ్మ గారి పేరు ఎక్కిస్తారు. అందుకే చెప్పను.

స్టేషన్లో ఎస్సై గారు, “చదువుకున్నవారు, మీరెందుకు చేశారండీ?” అన్నారు. ఇన్ని నెలలుగా నేను అందరినీ వేధించిన ప్రశ్న అదే.

“వంతు వచ్చిందండి” అన్నాను.

మా గైడు గారిలాగే ఆయనా నమ్మలేదు.

ఇట్లు,
మీ ఇంటి మనిషి, యేసమ్మ గారింటి మనిషి కూడా,
కెజియా