చప్పుడు లేని బండి

కోదాడ,
మంగళవారం మధ్యాహ్నం.

మా అక్క సరోజనకు,

నీ ఉమ రాస్తున్నది. ఫోన్ చేతిలో పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు దాన్ని స్పీకర్లో పెట్టి కుట్టుమిషన్ మీద పడేస్తావు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన మిర్యాలగూడ ఆడవాళ్ళందరూ నా మాటలు వింటారు. ఇది నువ్వొక్కదానివే చదవాల్సింది. రోజూ మీ ఊరి నుంచి మా సూర్యాపేట కాలేజీకి వచ్చిపోయే అన్నమ్మ మేడం చేతికిచ్చి పంపుతాను.

పేపర్లు దిద్దే డ్యూటీ మీద కోదాడ వచ్చాను. రాత్రి ఇంటి దగ్గర కరెంటు పోయి బండి ఛార్జింగ్ నిండలేదు. అందుకని హైవే పక్కన ఛార్జింగుకు పెట్టి, పక్కనున్న టీ హోటల్ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇందాక ఒక లారీ డ్రైవర్ నా కారునూ దాని వైరునూ చూసి, "ఏమండీ మేడంగారూ, మీ దూడ ఇంకా పాలు తాగుతానే ఉందా? నేనీపాటికి నందిగామ దాటేసేవాణ్ణి" అన్నాడు. హోటల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నెల కిందటైతే పొగ గురించి, పెట్రోలు గురించి ఆయనకొక పాఠం చెప్పేదాన్ని. ఇవాళ నోరు రాలేదు.

అక్కా, బాపును పొట్టేలు కొట్టలేదు. నా బండి తగిలింది.

రాసేశాను. ఇప్పుడు ఎలా జరిగిందో కూడా రాస్తాను, లేకపోతే ఈ కాగితం చించేస్తానేమోనని భయంగా ఉంది. ఆ పొద్దున నేను ఊరికి పోతుంటే మన చెలక దగ్గర సందులో బాపు మందను తోలుకుపోతున్నాడు. కళ్ళు పోయినప్పటి నుంచి ఆయన నడకంతా చెవులతోనే కదా. వచ్చేది పాల వ్యానో, పెన్‌పహాడ్ బస్సో, తమ్ముడి ఆటోనో వెనక్కి తిరగకుండానే చెప్పేస్తాడు. మంద వెనక హారన్ కొట్టకూడదన్నది మన ఇంట్లో అన్నం తినడం నేర్చుకున్నప్పుడే నేర్చుకున్నాం. బెదిరిన గొర్రె కాలువలో పడితే బాపు మన వైపు ఎట్లా చూసేవాడో నీకు గుర్తే ఉంటుంది. నా పాత పెట్రోలు కారున్నప్పుడు నేను హారన్ ముట్టుకునేదాన్ని కాదు. మెల్లగా మంద వెనక ఆగేదాన్ని. ఇంజన్ చప్పుడు విని బాపు కర్ర పైకెత్తేవాడు. మంద పాపిట తీసినట్టు రెండుగా విడిపోయేది. ఆ మధ్యలోంచి పోతుంటే నేనొక రాణినన్నట్టు ఉండేది.

ఆ రోజూ అదే అలవాటున మెల్లగా పోయి, హారన్ కొట్టకుండా కాచుకున్నాను. ఆయన కర్ర ఎత్తలేదు. ఇంకొంచెం ముందుకు కదిలాను, వినబడలేదేమోనని. అక్కా, ఫిజిక్స్ చెప్పేదాన్ని నేను. ఆ బండికి చప్పుడే లేదని ఊరందరికీ గొప్పగా చెప్పుకున్నదాన్ని నేను. కొన్ని కొత్త బండ్లకు కావాలనే ఏదో సన్నటి చప్పుడు పెడతారట. నా దానికి అదీ లేదు. వెనకబడిన గొర్రెపిల్లను అదిలించడానికి బాపు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. చప్పుడు లేని దారి ఆయనకు ఖాళీ దారే. కాళ్ళకు బంపర్ తగిలి, చెయ్యి కిందపెట్టి పడ్డాడు. మణికట్టు విరిగింది అప్పుడే.

దిగి పరుగెత్తాను. "ఎవలు?" అన్నాడు. నేను చెప్పాను. లేచి కూర్చుని, బాగున్న చెయ్యి చాపి బానెట్‌ను తడిమాడు.

"బంద్ జేసినవా బండిని?"

"లేదు బాపూ, ఆన్‌లోనే ఉంది."

చెవి కూడా దానికి ఆనించి చూశాడు. తర్వాత అన్నాడు: "పొట్టేలు కొట్టిందని చెప్త. నువ్వు నోరిప్పకు."

ఎందుకని అడిగాను. "ఇప్పకంటే ఇప్పకు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు కలిగింది బాధ కాదక్కా, ఊరట. నన్ను కాలుస్తున్నది ఆ ఊరటే. దవాఖానలో డాక్టర్ ముందు, తమ్ముడి ముందు, సునీత ముందు బాపు పొట్టేలు కథ చెబుతుంటే నేను పక్కన నిలబడి తల ఊపాను. మరదలు నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "పరేషాన్ గాకు వదినా" అని వీపు నిమిరింది.

పొట్టేలును ఒక వారం కట్టేస్తారులే అనుకున్నాను. కానీ తమ్ముడు ధనుంజయ్ మంద మొత్తం అమ్మేస్తున్నాడు. "కండ్లు గనవడని మనిషికి జీవాలెందుకు? ఇయ్యాల పొట్టేలు కొట్టింది, రేపు లారీ కొడ్తది" అని జీవాలు కొనే తిరుమలగిరి ఆయనకు మాటిచ్చాడు. ఆదివారం వచ్చి తోలుకుపోతాడట. మంద పోయాక బాపు ఏం చేస్తాడో ఆలోచించు. ఆయన పొద్దున లేచేది దానికోసమే. నేను మొన్న పోయి చూస్తే పొట్టేలు దొడ్డి మూలకు కట్టేసి ఉంది, గడ్డి ముట్టడం లేదు. తప్పు చేసినట్టే తల వంచుకుని ఉంది. నాకట్లా అనిపించిందో ఏమో.

నిజం చెబితే సరిపోతుంది కదా అంటావు. చెబితే ఇంకొకటి పోతుంది. సూర్యాపేట రూట్‌లో తిప్పే డీజిల్ ఆటో తీసేసి కరెంటు ఆటో తీసుకోమని తమ్ముడి వెంట పడింది నేనే. వాడు ఇన్నాళ్ళకు మెత్తబడి షోరూమ్‌లో మాట్లాడి వచ్చాడు. బాపును పడగొట్టింది అలాంటి బండేనని తెలిస్తే వాడు దాని మొహం చూడడు. వాడి ఆటో పొగ మింగుతూ కూలికి పోయే ఆడవాళ్ళను చూసినప్పుడల్లా నాకు అదే ధ్యాస. కానీ ఇప్పుడు నా నమ్మకమే నాకు అనుమానంగా ఉంది. పెట్రోలు బండ్ల స్థానంలోకి కరెంటు బండ్లు పూర్తిగా రాగలవా అని మా క్లాసులో చర్చ పెట్టాను. ఒక పిల్ల లేచి, "మేడం, మన కరెంటు బొగ్గుతోటే వస్తది గద. పొగ మన తాన లేవకుంట ఇంకో ఊర్ల లేస్తది, అంతేనా?" అంది. దానికి నా దగ్గర జవాబు ఉంది. గాలిమరలు, సోలార్, లెక్కలు అన్నీ చెప్పాను. రోడ్డు మీద చెవులతో నడిచే మనిషి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అందుకని నిర్ణయించుకున్నాను. ఈ కారు అమ్మేసి మళ్ళీ పెట్రోలు కారే కొంటాను. మా ఆయనకు ఏదో ఒకటి చెబుతాను. నువ్వు మాత్రం ఆదివారం లోపల ఊరికి వచ్చి, మంద అమ్మొద్దని తమ్ముడికి చెప్పు. పెద్దక్కవు, నీ మాట జవదాటడు. నా సంగతి ఎత్తకు. ఇంత పిరికిదాన్నని నీకిప్పుడు తెలిసింది, నాకూ ఇప్పుడే తెలిసింది.

బండి నిండిందట, పిలుస్తున్నారు.

నీ దగ్గర తప్ప ఎక్కడా తల దాచుకోలేని
ఉమారాణి


మిర్యాలగూడ,
గురువారం.

చెల్లె ఉమకు,

ఉత్తరం ముట్టింది. మిషన్ ఆపి, తలుపు పెట్టుకొని సదివిన. అన్నమ్మ మేడం నిలవడ్డది, ఆమె బస్సు అందుకోవాలె, అందుకే జల్ది రాస్తున్న. తప్పులుంటె దిద్దకు, నేను నీ స్టూడెంటును గాను.

నేను రాను. వస్తె మంద ఆగుతది, అది నాకు తెలుసు. గాని ఆ పొట్టేలు మీద పడ్డ మాట ఎట్ల పోతది? రేపు పిల్లలు దాని దగ్గరికి పోతె "జాగ్రత్త, తాతను కొట్టింది" అంటరు. అది నోరు లేనిది. నీకు ఉన్నది, మస్తుగ ఉన్నది. చిన్నప్పుడు నేను పాలు ఒలకబోస్తె ఇంటికంటె ముందు ఊరికి చెప్పినదానివి, ఇప్పుడు మాట రాదా?

కారు అమ్ముత అన్నవ్. అమ్మితె అది యాడికి పోతది? ఇంకొకళ్ళు కొంటరు. ఆ బండి ముంగట ఇంకో ముసలాయన నడుస్తడు. నువ్వు సూడవు, గంతే తేడా. అటువంటి బండ్లు మా తాన గూడ తిరుగుతున్నయి. మొన్న కూరగాయలకు పోతుంటె ఎనక నుంచి ఒకటి వచ్చి నా కొంగు రాసుకుంట పోయింది. నాకు కండ్లున్నయి, అయినా ఉలిక్కిపడ్డ.

ఇంకో మాట. బాపు నీ మీద ప్రేమతోటి అబద్ధమాడిండని నువ్వు మురుస్తున్నట్టున్నవ్. మన బాపు ఎవ్వలి కోసం అబద్ధమాడంగ నేను సూడలె. నా పెండ్లి సూపులల్ల నాకు వంట రాదని ఆళ్ళ మొకం మీద చెప్పిన మనిషి. ఆయన నీ నోరు ఎందుకు కట్టేసిండో పోయి అడుగు. ఆదివారం దాక ఆగకు.

మీ అక్క
సరోజన


సూర్యాపేట,
ఆదివారం సాయంత్రం.

అక్కా,

నీ తిట్లు బ్యాగులో పెట్టుకునే నిన్న ఊరికి పోయాను. ఊరి మొదట్లో కారు ఆపి చాలాసేపు కూర్చున్నాను. వెనక్కి తిప్పుదామని కూడా అనుకున్నాను, నీతో అబద్ధమెందుకు.

నేను పోయేసరికి తిరుమలగిరి ఆయన అప్పటికే వచ్చి గొర్రెల నోళ్ళు తెరిచి పళ్ళు చూస్తున్నాడు. ఆదివారమన్నవాడు ఒక రోజు ముందే దిగాడు. బాపు దొడ్డి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో ఉంది, రెండో చేతిలో పొట్టేలు మెడలోని గంట ఉంది. జీవాన్ని అమ్మేటప్పుడు గంట విప్పి ఇంట్లో ఉంచుకోవడం మనవాళ్ళ పద్ధతి కదా. అప్పుడే విప్పినట్టున్నాడు. ఆ గంట నాలుకను బొటనవేలితో పట్టుకుని, మోగకుండా, అట్లాగే ఉన్నాడు. అది చూశాక ఇంక నేను ముందూ వెనకా ఆలోచించలేదు.

"ధనుంజయ్, బాపును పొట్టేలు కొట్టలే. నా కారు తాకింది" అన్నాను.

సునీత చాయ్ పళ్ళెం అరుగు మీద పెట్టేసింది. తమ్ముడు నన్నూ, వాకిట్లో ఉన్న కారునూ మార్చి మార్చి చూశాడు. "గిసొంటి బండేనా అక్కా నన్ను కొనమన్నది? గిన్ని రోజులు దవాఖానకు నా ఎంబడి తిరుగుకుంట ఒక్క మాట అనకపోతివి." అరవలేదు వాడు. అరిస్తే బాగుండేది. ఫోన్ తీసి షోరూమ్ నంబరు వెతకసాగాడు, "ఆటో వద్దని చెప్తున్న" అంటూ.

"చెప్పు. నేనూ ఈ కారు అమ్మేస్తా" అన్నాను.

అప్పుడు బాపు అన్నాడు: "ఆగుండ్రిరా. ఆ ఆటో కోసమే గదా నేను అబద్ధమాడింది."

నాకు అర్థం కాలేదు. ఎవరికీ కాలేదు. బాపు ఎప్పటిలాగే ఎటో చూస్తూ, మెల్లగా చెప్పాడు. "వీడు తెల్లారంగ డీజిల్ ఆటో వాకిట్ల స్టార్ట్ జేసి, అది వేడెక్కేదాక ఉంచుతడు. ఆ డగడగల నాకు దొడ్డి ఇనవడదు. ఏ జీవం యాడున్నదో, ఏది దగ్గుతున్నదో తెల్వదు. మొన్న చలికాలం నల్లచెవుల గొర్రె ఈనంగ కష్టపడి మూలిగిందట. నేను గీ గోడకాన్నే ఉన్న. ఇనవడలె. పిల్ల సచ్చినంక చెయ్యి తాకితె తెలిసింది. కరెంటుది చప్పుడు జెయ్యదని ఉమ చెప్పినప్పటి సంది ఎప్పుడొస్తదా అని సూస్తున్న. బండి తాకిందంటె వీడు కొంటడా? అందుకని పొట్టేలు మీద ఏసిన. మంద అమ్మే కాడికి వస్తదనుకోలె."

"మరి అమ్ముతుంటే ఎందుకు చెప్పలేదు బాపూ?" అన్నాను.

"నేను చెప్తె నువ్వు దొంగవైతవ్ గద బిడ్డా. నువ్వే చెప్తవేమోనని సూసిన."

అక్కా, నేను చెప్పకపోయి ఉంటే ఆయన అట్లాగే గంట పట్టుకుని కూర్చుని, మందను పోనిచ్చేవాడు. ఈ మాట నువ్వు ఎవరితోనూ అనకు.

తిరుమలగిరి ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు. "మీ ఇంటి పంచాయితి మంచిగున్నది గని, నేను కిరాయి వ్యాను దెచ్చుకుంటి" అన్నాడు. సునీత ఆయనకు అన్నం పెట్టి పంపింది. తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు గానీ నాతో మాట్లాడలేదు. బాపు లేచి, తడుముకుంటూ కారు ముందుకు వచ్చి, "గంట కట్టనీకె యాడన్న జాగ ఉన్నదా దీనికి?" అని అడిగాడు. నేను నంబరు ప్లేటు దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. ఒంటిచేత్తో ముడి పడలేదు. తాడు రెండో కొన తమ్ముడు వచ్చి పట్టుకున్నాడు. "నా చెవికి అలవాటైన గంట. పొట్టేలుకు కొత్తది కొందాం" అన్నాడు బాపు.

పొద్దుగూకే ముందు బయలుదేరాను. సందు సగం దాటానో లేదో అద్దంలో చూస్తే మంద మొత్తం నా వెనక వస్తున్నది. ఎప్పుడూ ఆ గంట వెనకే కదా అవి నడిచేది. అన్నిటికంటే ముందు, తమ్ముడు అప్పుడే కట్టు విప్పిన పొట్టేలు. నేను ఆపితే ఆగుతున్నాయి, కదిలితే కదులుతున్నాయి. తమ్ముడు పరుగెత్తుకొచ్చి అద్దం కొట్టి, "ఇగ కాలేజీకి తోల్కపో అక్కా, మార్కులు గూడ ఎయ్యి" అన్నాడు. ఆ రోజు మొత్తంలో వాడు నాతో అన్న రెండో మాట. నవ్వుతున్నాడో తిడుతున్నాడో నాకిప్పటికీ తెలియదు. వెనక నుంచి బాపు, "నీకు మంద అప్పజెప్పలేదు బిడ్డా, గంట ఇప్పి ఇచ్చి పో" అని కేకేశాడు.

ఆ గంట విప్పి ఇచ్చేసి, సూర్యాపేటలో చిన్న గంట కొని కారుకు కట్టించాను. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా మోగుతుంది. బస్టాండు దగ్గర ఒకాయన వంగి, "మేడం, బండి కింద మేకపిల్ల ఇరుక్కున్నదేమో" అన్నాడు. చెవులతో నడిచే మనిషి సంగతి క్లాసులో ఎట్లా ఎత్తాలో ఇంకా తేలలేదు. బొగ్గు సంగతీ అట్లాగే ఉంది. కారు మాత్రం అమ్మడం లేదు.

ఈ పొద్దున మళ్ళీ పోయాను, ఆ సందులోంచే. ముందు బాపు, మంద. ఆయన భుజం మీద ఒక చెయ్యి వేసి సునీత పక్కన నడుస్తున్నది. నేను చాలా దూరంలోనే ఆగి, మళ్ళీ కొంచెం కదిలాను. గంట మోగింది. బాపు వెనక్కి తిరగలేదు. కట్టున్న చెయ్యి కాకుండా ఎడమ చేత్తో కర్ర ఎత్తాడు. మంద రెండుగా విడిపోయింది. దారి మొత్తం ఖాళీ. నేను మాత్రం బ్రేకు మీది కాలు తియ్యలేకపోయాను. దుమ్ము అణిగింది, గొర్రెలు ఇటూ అటూ నిలబడి నన్నే చూస్తున్నాయి.

"రా బిడ్డా," అన్నాడు బాపు. "తొవ్వ ఇచ్చిన గద."

నీ చెల్లె
ఉమ