బాపుకు రెండు పేర్లు

7 జూన్ 2008, శనివారం

మాల్దీవుల్లోని మాలే నుంచి మెయిల్ వచ్చింది. నెట్ సెంటర్లో చదివాను, వెనక ఎవరైనా చూస్తున్నారేమోనని తిరిగి తిరిగి చూస్తూ. నా టీచర్ లైసెన్సు ఆపారు. నేను సెలవుకు ఇంటికి రాకముందే, టీచర్లను అక్కడికి పంపే ఏజెన్సీ మనిషి విచారణకు మా గని కాలనీకి వచ్చాడట. జాకబ్ అనే మనిషి ఇక్కడ లేడని చెప్పి పంపించారట.

ఎవరు చెప్పారు?

అదే రోజు, సాయంత్రం

బాపు అసలు పేరు జాకబ్. నా పాస్‌పోర్టులో తండ్రి పేరు అదే. బొగ్గు గనిలో మాత్రం మల్లయ్య. ఆ మల్లయ్య బాపు ఊరివాడు — కొలువు వచ్చింది, ఒక్కసారి లోపలికి దిగాడు, భయపడి ఇంటికి పోయాడు. ఆ పేరు మీద బాపు దిగాడు. అప్పట్లో ఇక్కడ చాలామంది అట్లాగే దిగారు. బడిలో నన్ను చేర్పించిందీ మల్లయ్య బిడ్డగానే, డిగ్రీ దాకా తండ్రి పేరు అదే వచ్చింది. మాల్దీవుల బడిలో అసిస్టెంటుగా తీసుకున్నప్పుడు పాస్‌పోర్టు ఒక్కటే చూశారు. పూర్తి టీచరంటే డిగ్రీ కూడా చూస్తారు కదా. చూశారు. నాకు ఇద్దరు తండ్రులు కనబడ్డారు.

8 జూన్, ఆదివారం

చర్చిలో పక్క క్వార్టర్ సరోజక్క వచ్చి నా పక్కనే కూర్చుంది. "లైసెన్సు అచ్చిందా బిడ్డా?"

ఇవాళే ఎందుకు అడిగింది? ఈమె కూతురూ అదే ఏజెన్సీకి దరఖాస్తు పెట్టుకుంది, ఉద్యోగం రాలేదు... పాట పాడుతున్నంతసేపూ ఆమె మొహమే చూశాను. వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

10 జూన్

ఉక్క. పవర్ ప్లాంటు పక్కన ఉంటాం, కరెంటు ఉండదు.

రెండేళ్లుగా ఆ దీవిలో తరగతి వెనక నిలబడుతున్నాను. చార్టులు కత్తిరించడం, పిల్లల ముక్కులు తుడవడం, మేడమ్ గొంతు పోయిన రోజు పాఠం చెప్పడం. పిల్లలు నన్ను టీచర్ అంటే మేడమ్ ఆపి మరీ దిద్దుతుంది — అసిస్టెంట్ అనాలని. నాకు నా క్లాసు కావాలి. కావాలి, అంతే.

11 జూన్

తమ్ముడు. వీడి మీద ఇన్ని రోజులు అనుమానం ఎందుకు రాలేదు? బాపు కొలువు తనకొస్తుందని ఆశ వీడికి. పేరు సంగతి బయటపడితే ఆ ఆశ పోయినట్టే. అన్నం ముందు కూర్చున్నప్పుడు అడిగేశాను.

"జాకబ్ లేడని నువ్వే చెప్పినవ్ గదరా."

"నీకు నెత్తి ఖరాబైందక్కా. ఆ దినం ఆటో తీస్కొని మంచిర్యాల పోయిన."

కంచం వదిలి లేచిపోయాడు. నటన కావచ్చు.

13 జూన్

నల్లా దగ్గర సరోజక్కను నిలబెట్టి అడిగాను. బిందె కింద పెట్టింది.

"ప్యాంటేసుకొని ఎవడన్న అచ్చి పేర్లు అడిగితే ఏం చెప్తం బిడ్డా? తెల్వదంటం. మన క్వార్టర్ల లైనంత గంతే గద. కొలువులు పోతయని భయం."

"అయితే నువ్వే చెప్పినవా?"

"నేను నోరు తెరవకముందే మీ బాపే చెప్పిండు. గేటుకాడ నిలబడి. జాకబ్ అనేటోడు ఈడ లేడు, పో అన్నడు."

నా బిందె నిండకుండానే ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం

బాపు డ్యూటీ దిగి వచ్చాడు. స్నానం కూడా చేయనివ్వలేదు, అడిగేశాను. మెట్టు మీద కూర్చున్నాడు.

"నీ కోసం అచ్చిండని తెల్వదు బిడ్డా. నా మీద ఎంక్వైరీకి అచ్చిండనుకున్న." తర్వాత మెల్లగా — "గిన్నేండ్లాయె. ఎవలడిగినా గదే చెప్తి. నోట్లె గదే అచ్చింది."

కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. తమ్ముడి మొహం చూడలేకపోయాను.

15 జూన్, ఆదివారం

ఏజెన్సీకి ఫోన్ చేశాను. మనిషి రేపు మళ్లీ వస్తాడు, ఇక ఆ తర్వాత రాడు. రెండు పేర్లూ తనవేనని బాపు సంతకం పెట్టాలట. ఆ కాగితం మాలేకే పోతుందని ఏం నమ్మకం? గని ఆఫీసులో ఎవరి బల్ల మీదో తేలితే? బాపు రిటైర్ కావడానికి ఇంకా ఏడాది ఉంది. పెట్టకపోతే నేను మళ్లీ తరగతి వెనకే.

చర్చికి పోలేదు. బాపు గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ అంగీ తీసిపెట్టమని అమ్మకు చెప్పాడు. తర్వాత వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"రేపు ఏం చెప్పాలె, టీచరమ్మా?"

వెటకారమేమోనని మొహంలోకి చూశాను. కాదు.