చూశానన్న సంతకం

మార్చి 14, శుక్రవారం
దుప్పట్ల గది

చిరంజీవి పిచ్చుకకు,

నీ అక్క దీవిస్తూ రాసేది. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ వేళకింత తింటూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నన్ను వార్డులోంచి ఈ గదికి పంపి నేటికి పదకొండు రోజులు. ఉతికొచ్చిన దుప్పట్లు మడత పెడుతున్నాను. ఇరవై రెండేళ్లు నర్సు పని చేసిన చేతులు కదా, మడతలు కూడా కట్టు కట్టినట్టే వస్తున్నాయి. నవ్వుకో. నాకు మాత్రం నవ్వు రావడం లేదే.

కిటికీ పక్క మంచం పోస్టుమాస్టారికి ఇన్సులిన్ నాలుగు యూనిట్లకు బదులు నలభై ఎలా వెళ్లిందని విచారణలో సూపరింటెండెంటుగారు అడిగితే, "సిరంజి అక్కకు చూపించానండి. అక్క చూసి సరే అన్నాకే ఇచ్చాను" అన్నావు. బల్లకు ఇవతల కూర్చున్న నాకు చెంప పగిలినట్టయింది. చూపించావా? ఆ మందు ఇద్దరు నర్సులు చూసి సంతకం చేశాకే ఇవ్వాలి. ఆ పొద్దున నేను ఎదుటి మంచం ముసలాయన పుండుకు కట్టు కడుతున్నాను. నువ్వు కాగితం ఒక్కటే తెచ్చి, రెండో సంతకం అక్కా అన్నావు. గ్లవ్స్ తీసి గీకేశాను. అంతే జరిగింది.

పోస్టుమాస్టారు షుగరు పడిపోయి, చెమటతో ముద్దయి మాట తడబడుతుంటే నువ్వు కొయ్యబారిపోయావు. నరం దొరకబుచ్చుకుని గ్లూకోజు ఎక్కించింది నేను. ఆయన తేరుకుని మంచినీళ్లడిగాక నా భుజం మీద పడి ఏడ్చావు. తప్పు కూడా ఆ భుజం మీదికే నెట్టావు.

మూడేళ్ల కిందట నీకు సూది పట్టుకుంటే చేతులు వణికేవి. నా చెయ్యి చాపి, ఇక్కడ గుచ్చు అన్నాను. నాలుగుసార్లు గుచ్చావు. కమిలిన చెయ్యి చూసి మా ఆయన, సొంత చెల్లెలికైనా ఇంత చేస్తావా అన్నారు. ఆయనకిప్పుడు ఏం చెప్పను? చేతులారా పెంచిన పిట్టే కన్ను పొడిచిందనా?

భయపడ్డావు, తెలుసు. భయమేస్తే నా చెయ్యి పట్టుకోవలసింది.

ఇక మా ఇంటికి రాకు. దారిలో ఎదురైతే పలకరిస్తాను, అది వేరు.

ఇట్లు,
నీకు పని నేర్పిన
అక్క

తా.క.: మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. విచారణలో నేనెందుకు నోరు మెదపలేదో నీకు తెలియాలి. నువ్వు చేరిన మొదటి నెలలో, మనుషులు చాలక పరుగులు తీస్తున్న ఒక పొద్దున, నేనిచ్చిన మందుల కాగితాలు ఆరు నీ ముందు పెట్టి రెండో సంతకం చెయ్యమన్నాను. "చూడకుండానా అక్కా?" అన్నావు. "నన్ను నమ్మవా?" అని నవ్వాను. సిగ్గుపడి ఆరింటి మీదా చేశావు. మళ్లీ ఎప్పుడూ అలా అడగలేదు. అన్నిటికంటే ముందు నేను నీకు నేర్పింది అదే. ఆ కాగితాల సంగతి, మొన్న నేను చూడకుండా చేసిన సంతకం, నువ్వు చూపించని సిరంజి, అన్నీ రాసి ఇప్పుడే సూపరింటెండెంటుగారికి ఇచ్చి వచ్చాను. సోమవారం ఇద్దర్నీ పిలుస్తారట. జరిగింది జరిగినట్టు చెప్పు. నీ పక్క కుర్చీలోనే కూర్చుంటాను.