ఏడో నెలలో వెళ్ళిన మెసేజ్

ఆగస్టు 4, సోమవారం

ఇక జెట్టీకి వెళ్ళొద్దని యోగేశ్వరి చెప్పింది. మోటార్‌సైకిల్ తాళం కూడా తీసేసుకుంది. కాంతయ్య కూతురు. తండ్రి పోయాక హుటాన్ మెలింటాంగ్‌లో ఈ పడవ ఇంజన్ల షాపు తనే నడుపుతోంది. డెబ్బై రెండేళ్ళొచ్చినాయి మావయ్యా, ఆ బురదలో జారి పడితే మీ సుంగై సుమున్ జనానికి నేనేటి సెప్పాలి, కుర్సీలో కూకో, అంది.

ఫాలో-అప్ అంతా ఇక సిస్టమ్ చేస్తుందట. దాన్ని పెట్టడానికి కౌలాలంపూర్ నుంచి ప్రణీత్ అనే కుర్రవాడు వచ్చాడు. కరీంనగర్ వాడు. ఒక్కో బేరానికి ఒక్కో కార్డు. ఎంక్వైరీ, కొటేషన్, నెగోషియేషన్, బేరం కుదిరితే వన్, పోతే లాస్ట్ అని గళ్ళు. కార్డు గడి మారగానే ఆ కస్టమర్‌కి వాట్సాప్ మెసేజ్ తనంతట తానే వెళ్తుంది. ముప్ఫై రోజులు ఏ కదలికా లేకపోతే కార్డు తనే లాస్ట్‌లో పడుతుంది. దానికీ ఒక మెసేజ్ ఉంటుంది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి అంకుల్, అంతా దానంతటదే అయితది, అన్నాడు.

కుర్చీలోంచి లేవకుండా ఫోన్లో ఫాలో-అప్ చేసి మేనేజర్ అయినవాణ్ణి ఒకణ్ణి ముందే చూశాను. సెల్లప్పన్. ఇప్పుడు వాడికి ప్లగ్గు తగిలించారు. అంతే తేడా.

నా బేరాలన్నీ ఇవాళే కార్డులెక్కాయి. అందులో జెట్టీ మీది చైనీయుడు కిమ్ సెంగ్‌వి రెండు ఇంజన్లు. కొటేషన్ ఇచ్చాను. మా ఏడో నెల దాటాక చూద్దాం అన్నాడు. ఈ ఊళ్ళో నాతో కూర్చుని కాఫీ తాగే మనిషి అతనొక్కడే మిగిలాడు.

ఆగస్టు 5

మెసేజ్‌లన్నీ నా పేరుతో, నా ఫొటోతో వెళ్తాయట. కస్టమర్లు నన్ను నమ్ముతారు కాబట్టి.

నా కాళ్ళు వద్దు. పేరు కావాలి.

ఆగస్టు 7, గురువారం

ప్రణీత్ ఇంగ్లీషులో రాసుకొచ్చిన మెసేజ్‌లు చూశాను. ప్రతి వాక్యం చివరా ఒక పువ్వు బొమ్మో, చప్పట్లో. ఇవి చదివితే జాలరివాడు వలతో కొడతాడు అన్నాను. మీరే రాయుండ్రి మరి అంకుల్, మీరు మస్తు బుక్స్ చదువుతరట గద, అన్నాడు. మలయ్‌లో రాసిచ్చాను.

లాస్ట్ మెసేజ్ మీద మధ్యాహ్నమంతా కూర్చున్నాను. చివరికి వచ్చింది ఇది: ఇన్నేళ్ళు మీ ఒడ్డున నన్ను నిలబడనిచ్చారు. మీ కాఫీ తాగాను, మీ మాట విన్నాను. నా వంతు పూర్తయింది. సెలవు తీసుకుంటున్నాను. మీ పడవలు ప్రతి పోటుకీ క్షేమంగా తిరిగి రావాలి. కింద నా పేరు, తాతబాబు.

ఇంజన్ కొననివాడికి ఇంత వీడ్కోలా అని ఊరు నవ్వాలని, సిస్టమ్ పరువు పోవాలని రాశాను. తీరా రాస్తుంటే బాగా వచ్చింది. బాగా వచ్చినదాన్ని చింపెయ్యడం నాకు చేతకాదు.

ఆగస్టు 9, శనివారం

ఫాలో-అప్ అంటే ఏమిటో ఎవరూ అడగరు కాబట్టి ఇక్కడ రాసుకుంటాను.

కాంతయ్య దగ్గర చేరిన కొత్తలో కిమ్ సెంగ్ తండ్రి వెంట తిరిగాను. వానాకాలం వెళ్ళి మళ్ళీ వానాకాలం వచ్చింది. కొంటావా అని ఒక్కసారీ అడగలేదు. ఆటు సమయంలో మోకాళ్ళ దాకా బురదలో దిగి పడవ దగ్గరికి నడిచేవాణ్ణి. వల చిక్కులు తీసేవాణ్ణి. ముసలాయన మాట్లాడేవాడు కాదు. కిమ్ సెంగ్ నా ఈడువాడే. మా ఇద్దరికీ బజారు మలయ్ తప్ప ఇంకో భాష లేదు. రేకు డబ్బా మీద రొయ్యలు కాల్చి పెట్టేవాడు. వేళ్ళు కాలేవి. నది మీద ఎండ తగ్గుతూ ఉంటే ఒక్కో పడవ వచ్చేది, శబ్దం వినే ఏ ఇంజన్ ఎవరిదో ఇద్దరం పందెం వేసుకునేవాళ్ళం. ఒక సాయంత్రం ముసలాయన తన పాత ఇంజన్ని కాలితో తన్ని, రేపు నీది తీసుకురా అన్నాడు. నెగోషియేషన్ అంటే అదీ.

ఆ బేరం తనవల్లే తెగిందని సెల్లప్పన్ కాంతయ్యకి చెప్పుకున్నాడు. ఫోన్ చేశాడట. కాంతయ్య నమ్మాడు. మేనేజర్ కుర్చీ అతనికి, మోటార్‌సైకిల్ నాకు. నీకు వాటా ఇస్తాను తాతబాబూ అని మాత్రం పోయేదాకా అంటూనే ఉన్నాడు. కాంతయ్య స్వర్గంలో ఉన్నాడని యోగేశ్వరి నమ్మకం. అక్కడి గుమ్మం దగ్గర కూడా సెల్లప్పన్ లాంటివాడే కూర్చుని ఉంటాడని నా నమ్మకం.

ఆగస్టు 23, శనివారం

చైనీయుల ఏడో నెల ఇవాళ మొదలైంది. షాపుల ముందు అగరుబత్తులు వెలిగించారు. చనిపోయినవాళ్ళు ఈ నెలంతా బయట తిరుగుతారని వాళ్ళ నమ్మకం. ఎవరూ కొత్త పడవ దించరు, ఇంజన్ కొనరు. అమ్మేవాడు బేరం మాటతో జెట్టీ మీద అడుగు పెట్టకూడదు. కాంతయ్యకి ఆ ఇంగితం ఉండేది, ఆ నెల నాకు సెలవిచ్చేవాడు.

ఆ నెలంతా నేను నా భార్య జయమణికి దొరికేవాణ్ణి. వరండాలో పుస్తకం పైకి చదువుతుంటే బియ్యం ఏరుతూ వినేది. సగంలో నిద్రపోయి, లేచి, ఆ పిల్లకేటయ్యింది అని అడిగేది. మళ్ళీ మొదటినుంచి చదివేవాణ్ణి. తను పోయాక పుస్తకాలన్నీ పూర్తిగా చదవగలుగుతున్నాను.

సిస్టమ్‌కి ఏడో నెల తెలీదు. సెప్టెంబర్ 3కి ముప్ఫై రోజులు నిండుతాయి. కార్డులన్నీ ఒక్కసారే లాస్ట్‌లో పడతాయి, దయ్యాల నెలలో జెట్టీ అంతా నా వీడ్కోలు అందుకుంటుంది. యోగేశ్వరికి చెప్పొచ్చు. ప్రణీత్‌కీ చెప్పొచ్చు.

చెప్పను. నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. కూర్చున్నాను.

సెప్టెంబర్ 3, బుధవారం, ఉదయం 9

వెళ్ళాయి.

సెప్టెంబర్ 4

సిస్టమ్‌లో జవాబులు చూపించాడు ప్రణీత్. మలయ్ జాలర్లు పెద్దాయన రిటైర్ అవుతున్నాడా అని అడిగారు. ఒకడు ఏడుపు బొమ్మ పెట్టాడు. ఇంత రెస్పాన్స్ ఎప్పుడూ రాలేదని యోగేశ్వరి సంబరపడింది. నేను కోరుకున్న నవ్వులాట ఇది కాదు.

చైనీయులు ఒక్కరూ జవాబివ్వలేదు. కిమ్ సెంగ్ చదివినట్టు నీలం టిక్కులున్నాయి. నెలరోజులుగా అలిగి జెట్టీ వైపు పోలేదు నేను. ఇవాళ ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు.

సెప్టెంబర్ 6, శనివారం

బస్సు దిగి నడుచుకుంటూ జెట్టీకి వెళ్ళాను. ఎవరి అనుమతీ అడగలేదు.

ఇవాళ ఏడో నెల పౌర్ణమి పూజలు. కిమ్ సెంగ్ ఐసు గోదాం ముందు రోడ్డు వారగా ఎర్ర కొవ్వొత్తులు, అన్నం, కోడి, నారింజలు. ఏటా ఉండేవే. వాటికి కాస్త ఎడంగా ఒక అరిటాకు. అందులో వడలు, దోసె, ప్లాస్టిక్ సంచిలో సాంబారు. పక్కన గ్లాసులో కాఫీ. ఆకు వెనక ఇటుకకి ఆనించి నా ఫొటో. సిస్టమ్‌లో ప్రణీత్ పెట్టిందే. ప్రింట్ తీయించాడు.

కిమ్ సెంగ్ గొంతుక్కూర్చుని డబ్బాలో, చచ్చినవాళ్ళకి పంపే కాగితపు నోట్లు కాలుస్తున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. భయపడలేదు, లేవలేదు. వచ్చావా, తిను, సాంబారు చల్లారిపోయింది అన్నాడు. తిన్నాక తిన్నగా వెళ్ళిపో, మా ఇంటివైపు రాకు, మనవరాలు చిన్నది అన్నాడు.

అతను నోట్లు వేస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. మీ సుంగై సుమున్‌వాళ్ళు నీ చావు కబురు చెప్పలేదు, మెసేజ్ చూసి తెలుసుకోవాల్సొచ్చింది, మర్యాదేనా అన్నాడు. నెలరోజులు నువ్వు కనబడకపోతేనే అనుకున్నాను అన్నాడు. నీ నోరు మా నాన్న పాత ఇంజన్ లాంటిది, పొగే ఎక్కువ, అయినా ఏడో నెలలో బేరానికి ఒక్కసారీ రాలేదు నువ్వు అన్నాడు. ఇప్పుడు ఎవరి దగ్గర కొనాలి, ఆ కాంతయ్య కూతురికి పడవకి ముందేదో వెనకేదో తెలీదు అన్నాడు. ఆఖరి మెసేజ్ నాలుగుసార్లు చదివాను, మలయ్ మాత్రం బాగా రాశావు అన్నాడు.

నా రాతని ఇంతవరకు ఎవరూ మెచ్చుకోలేదు. ఇంకా ఏమైనా అంటాడేమోనని చూశాను.

తరవాత అన్నాను, కిమ్ సెంగ్, నేను చావలేదు. మీరందరూ అదే అంటారు అన్నాడు. ఫోన్ చేశాను కదా అన్నాను. చచ్చినవాడి ఫోన్ ఏడో నెలలో ఎవడెత్తుతాడు అన్నాడు.

వంగి ఆకులోంచి వడ తీసుకుని కొరికాను. దయ్యాలు వాసన మాత్రమే తింటాయి. అతను వడని చూశాడు. నా గడ్డం మీద రాలిన ముక్కని చూశాడు. చేతిలో నోట్ల కట్ట కింద పెట్టేశాడు. చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు. పొగ అన్నాడు.

ఆ మెసేజ్ ఎవరు పంపారని అడిగాడు. మెషిన్ అన్నాను. ఎవరు రాశారు. నేను. ఈ నెలలో వెళ్తుందని తెలుసా. తెలుసు.

డబ్బా మీద మూత పెట్టాడు. నెల దాటనీ, నువ్వేమిటో అప్పుడు చూస్తాను, ఈ నెలలో నేనెవర్నీ నమ్మను అన్నాడు. ఫొటో తియ్యలేదు.

బస్సు డ్రైవర్ నా దగ్గర టికెట్ డబ్బు తీసుకున్నాడు. కొంచెం ధైర్యం వచ్చింది.

సెప్టెంబర్ 8, సోమవారం

ఇద్దరికీ చెప్పాను. తెలిసీ సెప్పలేదా మావయ్యా, అంది యోగేశ్వరి. లోపలికెళ్ళి తండ్రి ఫొటో దగ్గర చాలాసేపు ఏదో సర్దింది. రెండింజన్ల బేరం పోతే ఈ ఏడు షాపు నష్టంలోనే ఉంటుంది. నాకు తెలుసు.

ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద అంకుల్, ఆ నెలకి పాజ్ పెడుతుంటి, అన్నాడు ప్రణీత్. అప్పటికప్పుడు పెట్టేశాడు కూడా. వేరే పండుగలేమైనా ఉన్నయా అని అడిగి, నేను చెప్పినవన్నీ ఎక్కించుకున్నాడు.

వీడు సెల్లప్పన్ కాడు. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు నెల పట్టింది.

సెప్టెంబర్ 14

పక్కింటి పోలమ్మ గేటు దగ్గర చూసి, ఏటి అన్నయ్యా సిక్కిపోనావు, అంది. ఇంకా కనబడుతున్నానన్నమాట.

సెప్టెంబర్ 22, సోమవారం

నెల నిన్నటితో అయిపోయింది. పొద్దున్నే కిమ్ సెంగ్ షాపుకొచ్చాడు. యోగేశ్వరితో మాట్లాడి రెండు ఇంజన్లకీ అడ్వాన్స్ ఇచ్చాడు. నావైపు చూడలేదు. వెళ్తూ వెళ్తూ నా కుర్చీ దగ్గర ఆగి, జబ్బ మీద గిల్లాడు. మెలితిప్పి మరీ.

ఊఁ అని వెళ్ళిపోయాడు.

కందింది. మందు రాయలేదు.